మెయిన్ కట్టేసినా వెలిగే దీపం

ఎక్కడైనా కొట్టు తగలబడితే పేపర్లో ఆ వార్త చివర ఒక వాక్యం తప్పకుండా ఉంటుంది. షార్ట్ సర్క్యూట్ వల్లే ప్రమాదం జరిగిందని భావిస్తున్నారు, అని. అది చదివినప్పుడల్లా నాకు ఒళ్లు మండుతుంది. మా ఆయన కాఫీ గ్లాసు పక్కన పెట్టి, "ఇదిగో, మొదలైంది" అంటారు. మొదలవదా మరి? ఎలక్ట్రికల్ ఇన్‌స్పెక్టరుగా ఉద్యోగమంతా కాలిన గోడల మధ్య తిరిగినదాన్ని. ఆ మసి వాసన ఇప్పటికీ నా ముక్కు వదల్లేదు.

షార్ట్ సర్క్యూట్ అంటే ఏమంత బ్రహ్మ విద్య కాదు. కలవకూడని రెండు తీగలు కలిస్తే కరెంటు బల్బు దాకా వెళ్లకుండా అడ్డదారిన పరుగెడుతుంది. ఆ పరుగుకి తీగ ఎర్రగా కాలుతుంది. ఎలుక కొరికినా, పాత వైరు పొట్టు రాలినా, క్యాలెండరు కోసం గోడకి మేకు కొట్టినా ఇది జరగవచ్చు. మీ ఇంట్లోనూ జరగవచ్చు, మా ఇంట్లోనూ జరగవచ్చు. జరిగిన క్షణంలో ఫ్యూజు పోవాలి, లేదా ఎమ్‌సీబీ అనే స్విచ్చు తనంతట తానే టక్కున కిందకి పడాలి. పడితే అది వార్త కాదు. పడలేదంటే ఎవరో ఒక మనిషి దాన్ని పడకుండా చేశాడన్నమాట. నేను ఉద్యోగంలో వెతికింది ఆ మనిషినే. తగలబెట్టాలని చేసినవాడు ఒక్కడూ కనపడలేదు. అందరూ మంచివాళ్లే, అదే నా భయం.

మా శాఖలో కొత్తగా చేరుతున్న పిల్లలు అప్పుడప్పుడు ఇంటికొచ్చి, "మేడమ్, ఉద్యోగం ఎలా ఉంటుంది?" అని అడుగుతుంటారు. ఫైళ్లు ఎలా నడుస్తాయో, బదిలీలు ఎలా ఆపుకోవాలో నన్నడగొద్దు. అవి మీరే నేర్చుకుంటారు. నేను చెప్పేది వేరే.

నాకు పని నేర్పినాయన

నా మొదటి బాసు సుందరరామయ్యగారు. పొట్టిగా ఉండేవారు, ఎప్పుడూ ఏదో ఒకటి నమలాలి, వక్కపొడో సోంపో. నేను చేరిన కొత్తలో ఒక పెళ్లిళ్ల హాలు తనిఖీకి వెళ్లాం. బోర్డు చూస్తే కొత్త పెళ్లికూతురిలా ఉంది. స్విచ్చులన్నీ వరసగా, వైర్లన్నీ పైపుల్లో. నేను మురిసిపోయి బాగుందండీ అన్నాను.

"బోర్డు అందం చూడకమ్మాయ్. మెయిన్ కట్టించు. కట్టాక ఏది ఆగలేదో అది చూడు" అన్నారాయన.

మెయిన్ కట్టారు. ఫ్యాన్లు ఆగాయి, లైట్లు పోయాయి. వంటశాల వెనక నుంచి ఒక మోటారు హాయిగా మూలుగుతోంది. నీళ్ల మోటారు ఆగకూడదని దానికి మెయిన్ కంటే ముందు నుంచే, అంటే మీటరు దగ్గర నుంచే వైరు లాక్కున్నారు. సుందరరామయ్యగారు ఆ వైరు వేలితో చూపించి, "దీనికేమన్నా అయితే దిక్కెవరు?" అన్నారు. ఆ వైరుకి ఏం జరిగినా ఆపే స్విచ్చు గానీ ఫ్యూజు గానీ ఆ హాల్లో లేవు.

ఆయన తర్వాత వచ్చిన బాసు ఇంకో రకం. పేరు ఎందుకులెండి. "షార్ట్ సర్క్యూట్ అని రాసి పారేయండి మేడమ్, అందరికీ సుఖం" అనేవాడు. నిజమే, అందరికీ సుఖం. ఓనరుకి సుఖం, ఎలక్ట్రీషియన్‌కి సుఖం, మాకూ సుఖం. కరెంటు వచ్చి నాది తప్పు కాదని చెప్పుకోదు కదా. ఒక కారణం రాయాలంటే దాని పక్కన "ఫ్యూజు ఎందుకు పోలేదు?" అన్న ప్రశ్న కూడా రాయండి. జవాబు దొరక్కపోతే దొరకలేదని రాయండి. అంతేగానీ నోరులేని కరెంటు మీదకి తోసేయొద్దు.

గట్టి ఫ్యూజు

మాది ఉయ్యూరు పక్క. చెరుకు రైతుల కుటుంబం. మా బాబాయి మోటారు షెడ్డులో ఒకసారి ఫ్యూజు చూస్తే నాకు గుండె ఆగినంత పనైంది. సన్నటి ఫ్యూజు తీగ ఉండాల్సిన చోట రాగి పోగులు పురి తిప్పి కట్టాడు, దాదాపు గేదె పలుపంత.

"ఇదేంటి బాబాయ్?"

"ఊరికే పోతోందే. మాటిమాటికీ చేలోంచి పరుగెత్తుకొచ్చేదెవడు? గట్టిది వేశా. ఇంక చచ్చినా పోదు."

"పోవాలి బాబాయ్. పోవడమే దాని పని."

"నువ్వు ఆఫీసరు అయ్యావు గానీ, వ్యవసాయం తెలీదు నీకు."

అక్కడికక్కడ పీకేసి సరైన తీగ కట్టి వచ్చాను. నేను బస్సెక్కేలోగా మళ్లీ రాగి కట్టాడు. ఆ వేసవిలో మోటారు లోపలి తీగ చుట్ట కాలింది, స్టార్టరు డబ్బా కాలింది, నిప్పురవ్వ ఎండు చెరుకాకు మీద పడి సగం మడి కాలింది. ఊళ్లోవాళ్లు పచ్చి మండలతో కొట్టి ఆర్పారు కాబట్టి సరిపోయింది. బాబాయి మాత్రం ఇప్పటికీ మోటారు కంపెనీవాడు మోసం చేశాడనే చెబుతాడు. నేను నవ్వుతాను గానీ, ఆ షెడ్డులో మధ్యాహ్నం పూట ఆయన పడుకునే నులకమంచం తలుచుకుంటే నాకు నవ్వు ఆగిపోతుంది.

ఫ్యూజుగానీ ఎమ్‌సీబీగానీ పడిపోతుంటే మనవాళ్లకి అది పాడైందనిపిస్తుంది. ఎలక్ట్రీషియన్‌ని పిలుస్తారు. అతను కూడా ఓనరు ముఖం చూసి పనిచేస్తాడు. పడకుండా చేసినవాడే మంచి పనివాడని మన దగ్గర పేరు. ఈ అలవాటుతో నేను ఉద్యోగమంతా పోట్లాడాను. గెలిచానని చెప్పలేను.

వన్ టౌన్‌లో పచ్చ దీపం

రిటైరయ్యే ముందు వన్ టౌన్ బజారులో ఒక గోడౌను కాలితే విచారణకి వెళ్లాను. పక్క సందులో పరుపులు, ఫోము, దిండ్లు టోకున అమ్మే మస్తాన్ వలీగారు నన్ను పిలిచి కుర్చీ వేసి టీ ఇప్పించారు. మంచి మనిషి, మాటకారి. "మా కొట్టు కూడా ఒకసారి చూసి పెట్టండి మేడమ్ గారూ, మనసు కుదుటపడుతుంది" అన్నారు. ఆ సందుల్లో అలా అడిగేవాళ్లు అరుదు. నాకు సంతోషమైంది.

కింద కొట్టు, పైన ఇల్లు. పైకి వెళ్లే మెట్లు కొట్టులోపల నుంచే. కొట్టుకి ఒక మీటరు, ఇంటికి ఒక మీటరు, రెండూ మెట్ల కింద. పైన ఆయన తల్లి జైతూన్‌బీగారు, పురిటికి వచ్చిన కూతురు రేష్మా ఉన్నారు. ఆయన భార్య పోయి చాలా కాలమైంది. రేష్మా నన్ను చూడగానే, "ఆంటీ, గీజరు ముట్టుకుంటే జిల్లుమంటోంది" అంది. అది ఎర్తు సరిగా లేక. బాగు చేయించే దాకా దాని స్విచ్చు వేయొద్దని చెప్పి, ఏ అనుమానమొచ్చినా ఫోన్ చేయమని నా నంబరు ఇచ్చాను. ఆ పిల్ల నిజంగానే చేసేది.

కొట్టు మెయిన్ కట్టించాను. అన్నీ ఆగాయి. గల్లాపెట్టె వెనక ప్లైవుడ్ గోడ మీద 786 ఫ్రేము, దాని చుట్టూ పచ్చ లైట్లు మాత్రం వెలుగుతూనే ఉన్నాయి.

"అది ఆగదండీ" అన్నారు మస్తాన్ వలీగారు గర్వంగా. "అబ్బాజాన్ కొట్టు తెరిచిన రోజు పెట్టిన దీపం. కొట్టు మూసినా అది ఆరకూడదు."

వన్ టౌన్‌లో పద్ధతే అది. కొట్టు మూసేటప్పుడు భద్రం కోసం మెయిన్ కట్టేస్తారు. దేవుడి దీపం ఆరకూడదు కాబట్టి దానికి మెయిన్ కంటే ముందు నుంచి సన్నటి వైరు లాగుతారు. పక్క కొట్లో లక్ష్మీదేవి ముందు ఎర్ర బల్బు, ఇక్కడ పచ్చ లైట్లు. భక్తి వేరు, వైరు ఒకటే. కొట్టు మొత్తంలో దిక్కులేని వైరు దేవుడిదే! అన్ని వైర్లూ నిద్రపోయాక, మనుషులంతా వెళ్లిపోయాక, అదొక్కటే ఒంటరిగా మేలుకుని ఉంటుంది. దాని కింద దొంతరగా ఫోము పరుపులు.

"ఇంటి మీటరు నుంచి ఇవ్వండి, దానికి మెయినూ ఎమ్‌సీబీలూ అన్నీ ఉన్నాయి" అన్నాను.

"కొట్టు దీపం కొట్టు కరెంటుతోనే వెలగాలండీ. లేకపోతే బరకత్ ఉండదు, కొట్టు కలిసిరాదు."

వాదించలేదు. దీపం ఆర్పమని నేనెవరికీ చెప్పను, చెప్పినా వినరు. దానికంటూ ఒక చిన్న ఎమ్‌సీబీ, కరెంటు కారితే పసిగట్టి ఆపే ఆర్‌సీసీబీ కలిపి ఒక డబ్బాలో పెట్టించాను. పెట్టింది ఆయన ఎలక్ట్రీషియన్ బాజీ. ఇంకో మాట కూడా చెప్పాను: "షట్టరు బయట నుంచి తాళం వేస్తున్నారు. ఒక తాళంచెవి పైన కూడా ఉంచండి."

ఆయన నవ్వారు. "పైన ఆడవాళ్లకి తాళంచెవి ఎందుకండీ?"

నేనూ ఆడదాన్నేనన్న సంగతి ఆ నిమిషంలో ఆయనకి గుర్తులేదు. నాకు చురుక్కుమంది. అయినా మళ్లీ చెప్పాను. ఆయన మళ్లీ నవ్వారు.

ఆదివారం ఫోను

రిటైరయ్యాక ఒక ఆదివారం మధ్యాహ్నం, సత్యనారాయణపురంలో మా ఇంట్లో భోజనాల దగ్గరుండగా ఫోన్ మోగింది. మస్తాన్ వలీగారు. వెనక నుంచి బ్యాండు మేళం.

"మేడమ్ గారూ, భోజనం అయిందా? నేను మైలవరంలో పెళ్లికొచ్చానండీ. చిన్న మాట. మీరు పెట్టించిన ఆ బాక్సు పాడైందండీ. ఎత్తితే పడిపోతోంది. పొద్దున్నే బాజీ వచ్చి దాన్ని తప్పించి డైరెక్ట్ ఇచ్చేశాడు. ఇప్పుడు దీపం బ్రహ్మాండంగా వెలుగుతోంది. రేపు కొత్తది కొందామని, ఏ కంపెనీది మంచిదంటారు?"

నా చేతిలో ముద్ద అలాగే ఉండిపోయింది.

"డైరెక్ట్ ఇచ్చినప్పుడు ఏమైనా చప్పుడొచ్చిందా?"

"ఒక్కసారి టప్ మందండీ. తర్వాత ఏమీ లేదు."

"అమ్మగారూ, రేష్మా మీతోనే ఉన్నారా?"

"లేదండీ, పసిబిడ్డతో ఎండలో ఎందుకని ఇంట్లోనే ఉంచా. షట్టరు తాళం వేసే వచ్చాను. తాళంచెవి నా జేబులోనే ఉంది, భయం లేదు."

ఓరి భగవంతుడా! బాక్సు పాడవలేదు. ఫ్రేము వెనక ఎక్కడో రెండు తీగలు ముట్టుకుంటున్నాయని అది పదే పదే మొత్తుకుంటోంది. డైరెక్ట్ ఇవ్వగానే ఆ టప్ మన్న చోట రాగి కాస్త ఎగిరిపోయి తీగలు విడివడ్డాయి. అందుకే దీపం వెలిగింది. కానీ కాలిన వైరు పొట్టు బొగ్గయి అక్కడే ఉంటుంది. ఆ బొగ్గులోంచి కరెంటు కొంచెం కొంచెంగా పాకుతూ దాన్ని ఇంకా కాలుస్తుంది. మీటరు కింద కరెంటాఫీసువాళ్ల పింగాణీ ఫ్యూజు తప్ప ఆపేది ఏదీ లేదు, ఆ ఫ్యూజులో ఎవరు ఎంత రాగి చుట్టారో ఎవరికి తెలుసు.

"మస్తాన్ వలీగారూ, ఆ పెళ్లి వదిలేసి వెంటనే బయల్దేరండి."

ఆయన నవ్వారు. "మీరు మరీ కంగారు పడతారండీ. దీపం వెలుగుతుంటే..."

ఫోన్ పెట్టేసి రేష్మాకి చేశాను. మా ఆయన అప్పటికే ఫైరింజనుకి ఒక ఫోన్, కరెంటాఫీసుకి ఒక ఫోన్ చేస్తున్నారు. ఆ ఇరుకు సందులోకి ఫైరింజను పట్టదని మా ఇద్దరికీ తెలుసు.

"రేష్మా, ఇంట్లో ఏమన్నా వాసన వస్తోందా?"

"వస్తోందాంటీ, ప్లాస్టిక్ కాలినట్టు. ఎవరో చెత్త తగలబెడుతున్నారని కిటికీలు మూశాం."

కంచం వదిలి లేచాను. "బిడ్డని దాదీకిచ్చి ఇద్దర్నీ డాబా మీదకి పంపు. నువ్వు చెప్పులేసుకుని, చేతులు పొడిగా తుడుచుకుని మెట్ల కిందకి రా. ఫోన్ స్పీకర్లో పెట్టు."

పెద్దావిడ గొణుగుడు, పసిబిడ్డ ఏడుపు, తర్వాత మెట్ల మీద చెప్పుల చప్పుడు వినిపించాయి. నేను మా ఆయన స్కూటరు వెనకాల కూర్చుని ఫోను చెవికి అదిమి పట్టుకున్నాను.

"ఆంటీ, ఫ్రేము వెనక నుంచి పొగొస్తోంది. నీళ్లు పొయ్యనా?"

"వద్దు! నా తల్లే, నీళ్లు ముట్టుకోకు. మీటర్ల కింద తెల్ల పింగాణీ బిళ్లలున్నాయి చూడు. పింగాణీనే పట్టుకుని ఒక్క లాగు లాగు. లోపలి తీగ తగలకూడదు. రెండు మీటర్లవీ లాగెయ్."

దగ్గు. "ఒకటి వచ్చింది. రెండోది ఊడట్లేదాంటీ."

"రెండు చేతులతో పట్టుకో."

ఫోను ఎక్కడో కింద పడ్డ చప్పుడు. ఆ తర్వాత ఏమీ వినపడలేదు. కాలవ వంతెన మీద ట్రాఫిక్ ఆగిపోయి ఉంది. జీవితంలో ఎన్నో కాలిన ఇళ్లు చూశాను. అన్నిటికీ అంతా అయిపోయాకే వెళ్లాను. అవుతుండగా వెళ్లడం అదే మొదటిసారి. ఆ పిల్లని కిందకి పంపింది నేను. పొగలోకి పంపింది నేను. దేవుడా, ఆ ఊడని బిళ్ల కొట్టుదేనేమో, ఆ పిల్ల వేలు తీగకి తగిలిందేమో అనుకుంటూ ఆ వంతెన మీద నేను గట్టిగా ఏడ్చేశాను. పక్క ఆటోవాడు వింతగా చూశాడు.

మేం వెళ్లేసరికి సందులో బండ్ల మీద పడుకున్న హమాలీలు లేచి గునపంతో తాళం పగలగొడుతున్నారు. డాబా మీంచి జైతూన్‌బీగారు బిడ్డని గుండెకి అదుముకుని కేకలేస్తుంటే లేచారట. షట్టరు లేచింది. పొగ భళ్లున బయటికొచ్చింది. మెట్ల మొదట్లో రేష్మా కూర్చుని ఉంది. ఒక చేతిలో పింగాణీ బిళ్ల. ఒళ్లో చున్నీలో చుట్టిన ఫ్రేము. కరెంటు పోయాక ఆ పిల్లే దాన్ని గోడ మీంచి తీసింది.

"రెండోది కూడా వచ్చిందాంటీ" అని నన్ను చూసి భోరుమంది. నేనూ తనని పట్టుకుని ఏడ్చాను.

రెండు బిళ్లలూ ఊడాయని నా కళ్లతో చూసుకున్నాకే నీళ్లు పొయ్యనిచ్చాను. ఫ్రేము ఉన్నచోట ప్లైవుడ్ అరచేతి మేర నల్లబడి, అంచుల్లో ఇంకా ఎర్రగా రాజుకుంటోంది. కింద దొంతర్లో పైనున్న పరుపు మీద నిప్పు పడి ఫోము కరిగి గుంటపడింది. వైరు మీద ఎలుక పళ్ల గాట్లు. అంతే. ఒక ఎలుక, ఒక డైరెక్ట్ కనెక్షన్.

మస్తాన్ వలీగారు వచ్చేసరికి చొక్కా చెమటతో తడిసి ఉంది. నేను ఫోను పెట్టేసిన కాసేపటికి ఆయనకీ గుబులు పుట్టిందట. గోడ చూశారు, పరుపు చూశారు, కూతురి మసి చేతులు చూశారు. తల్లి దగ్గరికెళ్లి నిలబడ్డారు.

"మీ అబ్బా మన కోసం పెట్టాడురా ఆ దీపం" అంది ఆవిడ. "మనమే పోతే అది ఎవరికిరా?"

ఆయన తలుపు చెక్కకి ఆనుకుని చిన్నపిల్లాడిలా ఏడ్చారు. జేబులోంచి తాళంచెవి తీసి తల్లి చేతిలో పెట్టారు. పగిలిన తాళానికి ఇంక ఆ చెవి ఎందుకని ఎవరూ అనలేదు.

కొత్తగా వచ్చే పిల్లలకి ఈ సంగతి ఎందుకు చెబుతున్నానంటే, మీ పని ఫలించిన రోజు మీకు ఎవరూ దండ వెయ్యరు. "మీరు పెట్టింది పాడైంది" అని ఫిర్యాదు వస్తుంది. ఆ ఫిర్యాదుని విసుక్కోకుండా వినండి. పదే పదే పడుతోందంటే ఎందుకు పడుతోందో కనుక్కునే దాకా మళ్లీ ఎత్తనివ్వకండి. బాజీని నేను తిట్టలేదు. అతన్ని అలా చెయ్యమని అడిగేవాళ్లు రోజూ ఉన్నారు, వద్దని చెప్పడం అతనికి నేర్పినవాళ్లు లేరు. ఇప్పుడు నేర్పుతున్నాను, నాకు చేతనైనంత.

ఆ సాయంత్రం మస్తాన్ వలీగారు మమ్మల్ని స్కూటరు దాకా సాగనంపడానికి వచ్చారు. ఆదివారం కదా, సందంతా షట్టర్లు దించి ఉంది. నాలుగడుగులు వేశాక ఆయన ఆగారు. పక్క కొట్టు షట్టరు కింద ఖాళీలోంచి సన్నటి ఎర్ర వెలుగు రోడ్డు మీద పడుతోంది. దాని పక్క కొట్టు కిందా అంతే. ఎదుటి వరసలోనూ అంతే. పై అంతస్తుల్లో ఆరేసిన బట్టలు, ఎవరో పిల్లల అరుపులు.

ఆయన ఫోను తీసి పక్క కొట్టు స్టీలు సామాన్ల కోటేశ్వరరావుగారికి చేశారు. "అన్నా, ఎక్కడున్నావు? ఊరెళ్లావా? మీ వాళ్లంతా మేడ మీదేనా? మెట్లు కొట్లోంచేగా? నీ దీపం వైరు ఎక్కణ్ణుంచి లాగించావన్నా?"

అవతలి మనిషి నవ్వు నాకు కూడా వినిపించింది. దీపానికేమైందిరా, వెలుగుతోందిగా, అంటున్నాడు.

"నవ్వకన్నా" అన్నారు మస్తాన్ వలీగారు. "నీ కాళ్లు పట్టుకుంటా, నవ్వకు. తాళంచెవి ఎవరి దగ్గరుందో చెప్పు."